మొక్కు తీరిన తరువాత మానిన మందు

ఈ సంగతులను ఎందుకు వ్రాయవలసి వచ్చినదో ముందుగా చెప్పడం క్రమం. నా భార్య రాజవ్వ క్షయరోగంతో మరణించి రెండు సంవత్సరాలు కావస్తున్నది. అదే రోగం ఆమె కంటె ముందు నాకు వచ్చినది, నాకు నయమైనది. ఈ రెండు విషయాలను జతచేసి మా కరీంనగరంలో ఇప్పుడు రెండు కథలు చెప్పుకుంటున్నారు. మొగుడు నాస్తికుడు గనుక దేవుడు పెండ్లాన్ని తీసుకపోయినాడన్నది మొదటి కథ. పెండ్లాం మూఢభక్తితో మందు మాని చచ్చిపోయినదన్నది రెండవ కథ. మొదటిదానిని గుడికి పోయేవారు చెప్పుకుంటారు. రెండవదానిని సాయంకాలం నాతో కూర్చుండి దేవుడు లేడని వాదించే మిత్రులు చెప్పుకుంటారు. రెండింటిలోను ఆమె మనిషి కాదు, దృష్టాంతం. ముప్పై ఏండ్లు పిల్లలకు దృష్టాంతాలు చెప్పి బ్రతికినవాణ్ణి. నా ఇంటి మనిషి దృష్టాంతం కావడం సహించలేకపోయినాను.

రెండవ కారణం కూడ ఉన్నది. మా వీధిలో అదే రోగం వచ్చిన ఒక మగ్గం పనివాడు సూదిమందు సగంలో ఉండగానే వేములవాడ గుడికి పోయి మొక్కు తీర్చడానికి కోడె కట్టి వచ్చి, ఇక మందు అక్కరలేదని ఇంట్లో కూర్చున్నాడని ఈ మధ్య విన్నాను. పోయి మాట్లాడినాను. నా మాట వినలేదు. చదివి వినిపించేవారుంటే ఈ వ్రాతనైనా వింటాడేమో.

నా జబ్బు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత మూడవ చైత్రంలో నాకు సాయంకాలపు జ్వరం మొదలైనది. అప్పటికి నేనొక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ణి. ఉర్దూలో గణితం నేర్చి, ఉర్దూలో గణితం చెప్పి, నడివయస్సులో అదే గణితాన్ని తెలుగులో చెప్పడం నేర్చుకున్నవాణ్ణి. దేనికైనా ఒక వరుస ఉండవలెనన్నది నా పట్టుదల. ఆ జ్వరానికీ వరుస ఉండినది: దీపాలు పెట్టేవేళకు వచ్చేది, తెల్లవారేసరికి చెమటతో పోయేది. ఒకనాడు నల్లబల్లవైపు తిరిగి దగ్గినప్పుడు రుమాలులో ఎరుపు కనబడినది. రుమాలు మడిచి జేబులో పెట్టుకొని లెక్క పూర్తి చేసినాను. అది ధైర్యం కాదు. చేతికి ఏదో ఒక పని కావలసి వచ్చినది, అంతే.

ఆసుపత్రి వరండాలో బల్లలు తక్కువ, మనుషులు ఎక్కువ. ముందు వచ్చినవారి చోటు పోకుండ తువ్వాలనో చెప్పునో బల్లపైన పెట్టి బయటికి పోయేవారు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు. జేబులోని సుద్దముక్కతో బల్లమీద అంకెలు వేసి, వచ్చిన వరుసలో కూర్చోబెట్టినాను. మూడవ అంకెపైన కూర్చున్న ముసలాయన మెడలో తాయెత్తు సవరించుకుంటూ అడిగినాడు:

"సారూ, మీరు ఎవలికి మొక్కిండ్రు?"

"ఎవరికీ మొక్కలేదు."

"మీ ఇంటిదేవుడెవలు మరి?"

"లేడు."

ఆయన నాలుగవ అంకెపైకి జరిగినాడు. నా దగ్గుకు జరుగనివాడు ఆ మాటకు జరిగినాడు.

నేను పుట్టుకతో నాస్తికుణ్ణి కాను. మా ప్రాంతంలో ఇంటికొక రాజయ్యో రాజవ్వో ఉంటారు. వేములవాడ రాజన్నకు మొక్కి కన్నవారందరికీ అదే పేరు. నా పేరూ రాజేశమే. మాకు ఒక్క కొడుకు. మశూచి వచ్చినప్పుడు పోచమ్మకు బోనం చేసినాము, రాజన్నకు మొక్కినాము. ఇద్దరమూ ఒక్క తీరుగనే మొక్కినాము. పిల్లవాడు దక్కలేదు. ఆనాటినుండి రాజవ్వకు దేవుడు తప్ప మిగిలినది ఏమీ లేకపోయినది. నాకు దేవుడు మిగులలేదు. ఒకే చావునుండి ఇద్దరం రెండు దిక్కులకు పోయి, ఒకే ఇంట్లో బ్రతికినాము. ఆ విషయంలో పోట్లాడుకున్నది తక్కువ. ఆమె దీపం పెట్టేటప్పుడు నేను పత్రిక చదివేవాణ్ణి.

కోస్తావైపునుండి వచ్చిన డాక్టరుగారు నాకు చేసిన హెచ్చరిక ఒక్కటే. "ఏడాదిన్నర వాడాలండీ. మధ్యలో ఒంట్లో బాగున్నట్టు అనిపిస్తుంది. అసలు ప్రమాదం అప్పుడే. ఒక్కరోజు కూడా మానకూడదు." వరుస తప్పకూడదన్న మాట నాకు ఎవరైనా చెప్పవలెనా? సూది వేయడానికి కంపౌండరు ఖాజా మియా ప్రతి ఉదయం మా ఇంటికి వచ్చేవాడు. బంధువులు గడపదగ్గరనే పలకరించి పోతున్న రోజులలో ఆయన లోపలికి వచ్చి, నా మంచంమీదనే కూర్చొని చాయ తాగేవాడు. ఆ చాయ విలువ ఆ రోగం వచ్చినవారికే తెలుస్తుంది.

రాజవ్వ నా చెంబు వేరు చేసింది, పక్క వేరు చేసింది, నన్ను మాత్రం వేరు చేయలేదు. ఒకనాడు అన్నది:

"నువ్వు లేస్తే రాజన్నకు కోడె కడత."

"లేపేది మందు."

"మందే లేపనీ. గా మందును ఎవలు చేసిండ్రు?"

"శాస్త్రం చదివినవారు."

"వాండ్లనెవలు చేసిండ్రు?"

"ఇట్లా వెనుకకు పోతే దీనికి అంతముండదు."

"ఉండదుగద! గా అంతం లేనోనికే నేను మొక్కేది."

తరగతిలోనైతే ఈ వాదంలోని లోపం చూపించేవాణ్ణి. పక్కమీద ఉన్నవానికి ఊపిరి చాలలేదు. పోతూ పోతూ ఆమె తలుపుదగ్గర ఆగి, "ఏం పంతులూ, జవాబు రాలేదా? రేపటిదాక టైమిస్త," అన్నది.

నాకు నయమైనది. ఏడాదిన్నర దాటిన తరువాత డాక్టరుగారు ఇక మందు చాలునన్నారు. ఆ వారమే ఆమె తన తమ్ముడు మల్లేశాన్ని వెంటబెట్టుకొని వేములవాడకు పోయి కోడె కట్టి వచ్చినది. మా వైపు తెలియనివారికి చెప్పవలసినది: మొక్కుకున్నవారు గుండంలో, అనగా గుడి కోనేటిలో, స్నానం చేసి, తడిబట్టలతో కోడెను పట్టుకొని గుడి చుట్టు తిప్పి, అక్కడనే కట్టివేసి వస్తారు. దానితో మొక్కు తీరినట్టు. నేను పోలేదు. తెచ్చిన ప్రసాదం తిన్నాను. బెల్లంతో నాకు వివాదం లేదు.

ఆమె జబ్బు

ఆమెకు అప్పటికే దగ్గు ఉన్నది. నా మందు పూర్తి అయ్యేవరకు ఆ సంగతి దాచినది. ఎందుకని అడిగితే, "ఇద్దరం ఒక్కపారి పడితే నీళ్లెవలిస్తరు? ఒక్కొక్కలం పడుదమనుకున్న," అని నవ్వినది. ఆ దగ్గు ఎక్కడినుండి వచ్చినదో నాకు తెలుసును. డాక్టరుగారికి తెలుసును. ఆమెకూ తెలుసును. ముగ్గురమూ ఆ మాట ఎత్తలేదు.

కార్తీకంలో ఆమెకు సూదులు మొదలైనవి. ఈసారి బల్లమీద కూర్చున్నది ఆమె, పక్కన నిలబడినది నేను. రోగిగా కూర్చుండడంకంటె పక్కన నిలబడడం కష్టమని చెప్తే ఆరోగ్యవంతులు నమ్మరు. మాఘం వచ్చేసరికి జ్వరం పోయినది, అన్నం సహించినది, ముఖానికి నెత్తురు వచ్చినది. శివరాత్రి జాతరకు మల్లేశంతో పోయి తన పేర కోడె కట్టి వచ్చినది. ప్రయాణం వద్దన్నాను గాని, గట్టిగా వద్దనలేదు. గుడికి పోతే మనిషి తేలికపడుతుందనుకున్నాను. కోడె కట్టడంలో ఏమున్నదో నాకప్పుడు తెలియదు.

మరునాడు ఖాజా మియా సూది ఉడికించి తెచ్చేసరికి ఆమె చెంగు చేతిచుట్టు కప్పుకొని కూర్చున్నది.

"ఇగ వద్దు భయ్యా. మొక్కు తీరింది."

"అరె, మొక్కు తీరితే మంచిదే బహెన్. సూది తీరలే గద! జర చెయ్యి ఇయ్యి. డాక్టర్ సాబ్ నన్ను తిడ్తడు."

"నీకు చాయ ఇస్త. చెయ్యి ఇయ్య."

నేను కారణం అడిగినాను. ఆమె చెప్పిన కారణాన్ని ఆమె మాటలలోనే వ్రాస్తున్నాను. ఎందుకంటె దీనిని మూఢత్వమని కొట్టివేసేవారు ఒక్కసారైనా సరిగ్గా వినవలెను.

"కోడె కట్టుడంటే ఏంది? నాకు బాగైంది స్వామీ అని ఆయన ముంగట ఒప్పుకున్నట్టు. ఒప్పుకొని ఇంటికొచ్చి మల్ల సూది పొడిపించుకుంటే, నేను ఆడ చెప్పింది అబద్ధమేనా? నువ్వు జేసింది నేను నమ్మలే అన్నట్టేనా?"

"నా పేర మొక్కినప్పుడు మందు పూర్తి అయిన తరువాతనే కట్టినావు గదా?"

"నీకు బాగైందని డాక్టరు చెప్పిండు. నాకు బాగైందని నా పానం చెప్పింది. నా పానం కంటె డాక్టరుకు ఎక్కువ తెలుసా?"

తెలుసునని చెప్పినాను. పుస్తకం తెచ్చి చూపించినాను. రోగబీజాలు కంటికి కనబడకుండ ఎట్లా నిలుస్తాయో పలకమీద గీసి వివరించినాను. ఆమె శ్రద్ధగా చూచి, "కండ్లకు కనబడయి, అయినా ఉన్నయంటవు," అన్నది. "అవును," అన్నాను. "నేను గదే అంటె ముప్పై ఏండ్లసంది నవ్వుతవు," అన్నది.

కనబడని రెండింటికీ తేడా ఉన్నది. ఒకదానిని పరికరంతో చూడవచ్చును. ఆ మాట చెప్పినాను. ఈనాటికీ అది సరియైన సమాధానమే. దానివల్ల ఆమె చెయ్యి చాచలేదు.

మల్లేశాన్ని పిలిపించి అక్కకు నచ్చజెప్పుమన్నాను. అతడు ఆలోచించి, "బావా, నీ లెక్కల పలక గీడ నడువది. నా నోటితోని నేనెట్ల చెప్త? కోడె కట్టినప్పుడు నేను పక్కనే ఉంటిని," అన్నాడు. ఖాజా మియా మాత్రం రావడం మానలేదు. వచ్చి, అరుగుమీద కూర్చుండి, చాయ తాగి, ఆమె చేతివైపు ఒకసారి చూచి పోయేవాడు. నిందించలేదు, బోధించలేదు. అడిగితే, "ఎప్పుడన్న మనసు మారితె నేను లేకుంటె ఎట్ల సాబ్," అన్నాడు.

వైశాఖంలో దగ్గు తిరిగి వచ్చినది. ఎండకు వచ్చినదన్నది ఆమె. జ్యేష్ఠంలో ఆమె రుమాలులోని ఎరుపును ఆమెకంటె ముందు నేను చూచినాను.

వేములవాడ

నా వాదాలన్నీ అయిపోయినవి. అప్పుడు నేను చేసిన పనిని నా మిత్రులు ఇంతవరకు ఎరుగరు. వేములవాడకు పోయి, ఒక వృద్ధ అర్చకుని ఇంటికి పోయి, చేతులు కట్టుకొని నిలబడి, మందు తీసుకొమ్మని నా భార్యకు చెప్పుమని అడిగినాను. ఆయన నన్ను ఎగతాళి చేయలేదు. "మందు మానుమని స్వామి ఏనాడు చెప్పలే. ఎవలు చెప్పిండ్రు గీ మాట?" అన్నాడు. నా వివరాలు తెలిసిన తరువాత కూడ మజ్జిగ ఇచ్చినాడు. మరునాడే మనిషిచేత కబురు పంపినాడు: అమ్మా, మందు కూడ ప్రసాదమే, తీసుకో.

రాజవ్వ కబురు తెచ్చినవానికి నీళ్లిచ్చి పంపి, నావైపు తిరిగినది.

"ముప్పై ఏండ్లసంది గుడిమొఖాన నడువనోడివి నిన్న పొద్దుందాక కనబడలే. ఇయ్యాల అయ్యగారు కబురు పంపిండు. నేను గంత తెల్వనిదాన్ని అనుకున్నవా?"

ఆమె చాలాసేపు దగ్గి, ఊపిరి కూడదీసుకొని అన్నది:

"నా మొక్కు తీరింది. బాగు చేసినవని చెప్పి వచ్చినదాన్ని, మల్ల పోయి బాగు చెయ్యమని ఎట్ల అడుగుత? నాకు మొఖం లేదు. నువ్వడుగు. నువ్వెన్నడు ఆయన్ని ఏం అడుగలే. పోరడు పోయినంక నోరు తెరువలే. నీ పేర కొత్త మొక్కు మొక్కు. నువ్వు అడిగింది అయ్యేదాక నేను మందు తింట. కని ఒట్టిగ తాడు పట్టుడు గాదు. మనసుల మొక్కాలె."

ఆమె నియమాలలో ఆమెది లోపంలేని తర్కం. నేను ఒప్పుకున్నాను.

మల్లేశం బండి కట్టించినాడు. ఆమెను గుడిదగ్గర నీడలో కూర్చోబెట్టినాము. మొక్కు ముందే చెల్లించి అడిగేవారూ ఉంటారు. నాది ఆ తీరుది. గుండంలో మునిగి, తడి ధోవతితో కోడె తాడు పట్టుకున్నాను. నాలుగడుగులు వేసి అది నిలబడిపోయినది. లాగినాను. కదలలేదు.

"బావా! బడిపోరగాండ్లను గుంజినట్టు గుంజితె అది రాదు. తాడు జర వదులు. దాని ఎనుక నువ్వు నడువు!"

చుట్టు ఉన్నవారు నవ్వినారు. రాజవ్వ కూడ నవ్వడం దూరంనుండి కనబడినది. తాడు వదులు చేసినాను. కోడె నడిచినది, నేను దాని వెనుక నడిచినాను. మొక్కడానికి నిజాయితీగా ప్రయత్నించినాను. కొడుకు పోయిన నాటి ముందర ఎట్లా మొక్కేవాణ్ణో జ్ఞప్తికి తెచ్చుకున్నాను. మాటలు వచ్చినవి. ఆ మాటలను ఎవరివైపు పంపవలెనో ఆ చోటు ఖాళీగా ఉన్నది. గుడి చుట్టు తిరిగి వచ్చేవరకు ఖాళీగానే ఉన్నది. నా చుట్టు ఉన్న అందరి ముఖాలలో ఎవరో ఒకరు వింటున్న జాడ ఉన్నది. నేను వారిని తక్కువగా చూడలేదు. ఆకలిగొన్నవాడు భోజనపంక్తిని చూచినట్టు చూచినాను.

ఆమె దగ్గరికి వచ్చినాను.

"మొక్కినవా?"

"మొక్కినాను."

"ఏమని?"

"నీవు సంపూర్ణ స్వస్థత పొందవలెనని."

ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకొని నవ్వినది. "అయ్యో పంతులూ, దేవునితోని గూడ పుస్తకంలెక్కనే మాట్లాడినవా!" నవ్వు దగ్గయినది. దగ్గు ఆగిన తరువాత, "మల్లేశా, పొద్దుగాల ఖాజా భయ్యాను రమ్మను," అన్నది.

ఆషాఢం తరువాత

ఆమె మందు తీసుకున్నది. ఒక్కనాడు కూడ తప్పలేదు. శ్రావణం గడిచినది, భాద్రపదం గడిచినది. జ్వరం తగ్గలేదు. డాక్టరుగారు కొత్త ఎక్స్‌రే ఫోటో వెలుతురుకు పట్టి చూచి, నన్ను బయటికి పిలిచినారు. "మధ్యలో మానేసిన రోజుల్లో రోగం ఆ మందుకి అలవాటు పడిపోయిందండీ. ఇప్పుడు ఎంత ఇచ్చినా పెద్దగా పనిచేయదు. వేరే మందులు మన దగ్గర లేవు. ఉన్నన్నాళ్లు బాగా చూసుకోండి." ఆ వరండాలో నేను గీసిన అంకెలు ఎప్పుడో చెరిగిపోయినవి. జనం యథాప్రకారం చెప్పులు పెట్టుకొని కూర్చున్నారు.

మల్లేశం ఏడ్చి, చివరికి లోపల ఉన్న మాట అననే అన్నాడు: "బావా, మొక్కు మనసుల మొక్కకపోతివి గావచ్చు. గందుకే గిట్లయింది." మా మిత్రులలో ఒకరు సానుభూతి చెప్పడానికి వచ్చి, "చూచినారా, విశ్వాసం ఏమి చేసినదో," అన్నారు. ఇద్దరి లెక్కలూ తమ తమ పద్ధతిలో సరిగానే తేలినవి. రెండింటిలోను శేషం మాత్రం ఆమెనే.

దసరా పోయిన తరువాత ఒక మధ్యాహ్నం ఆమె తల నా మోకాలిమీద పెట్టుకొని పడుకొని ఉన్నది.

"నువ్వు మొక్కలే."

ఆమె నుదుటిమీది చెమట తుడిచినాను.

"గా దినమే తెలిసింది. నీకు అబద్ధం చెప్పరాదు. చెవులు ఎర్రగైతయి."

"తెలిసి మందు ఎందుకు తీసుకున్నావు?"

"నువ్వు నాకోసం అబద్ధమాడితివి. నేను నీకోసం సూది పొడిపించుకుంటె ఏమాయె?"

దైవంపట్ల తాను చేస్తున్నది అపచారమని నమ్ముతూ, ఆమె ప్రతి ఉదయం చెయ్యి చాచినదన్నమాట. ఆ సంగతి గ్రహించడానికి నాకు కొంతసేపు పట్టినది. గ్రహించిన తరువాత దానితో ఏమి చేయవలెనో ఇప్పటికీ తెలియదు.

కొంతసేపటికి ఆమె మళ్లీ కండ్లు తెరిచినది.

"ఒక్కటి అడుగుత. గీసారి అబద్ధం చెప్పకు. నేను పోయినంక మల్ల నువ్వు నేను కలుస్తమా? పోరడు కనబడుతడా నాకు?"

అబద్ధం చెప్పవద్దన్నది గనుక చెప్పలేదు. "నాకు తెలిసినంతవరకు లేదు," అన్నాను.

ఆమె పైకప్పు చూస్తూ ఉన్నది. ఏడవలేదు. "మంచిదే తియ్యి," అన్నది చివరికి. "గీ దగ్గు ఆడికి గూడ వస్తదేమో అని పరేషానైతుండె." నా చెయ్యి తట్టి, నీళ్లడిగినది.

కార్తీకం రాకముందే ఆమె పోయినది. కర్మకాండ అంతా ఆమె నమ్మిన ప్రకారం మల్లేశం చేత చేయించినాను. ఖాజా మియా పాడెకు భుజం పట్టినాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు నా ఆరోగ్యం బాగున్నది. జ్వరం రాదు. అన్నం సహిస్తున్నది. ఇది కృతజ్ఞతతో చెప్పవలసిన మాట. ఎవరికి చెప్పవలెనో తెలియక ఇక్కడ వ్రాస్తున్నాను.

మొక్కుకునేవారికి నా విన్నపం: మొక్కు మానుకోమని నేననను. నా మాటకు మానుకోరు కూడ. అయితే మొక్కేటప్పుడే, డాక్టరు మందు చాలునన్న దినం తరువాతనే కోడె కడతామని మొక్కండి. ప్రాణం బాగున్నదని చెప్పినా నమ్మకండి. మొక్కనివారికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మనకు కోడె లేదు, గుండం లేదు, చెప్పుకొని ఏడ్చే చోటు లేదు. సరియైన వాదం మంచం పక్కన ఎంత చలిగా ఉంటుందో తెలిసి ఉండండి.

ఈ వ్రాతలో తిథివారాలు, మందుల సంగతి, గుడి ఆచారాల వరుస ఎక్కడైనా తప్పి ఉంటే తెలిసినవారు దిద్దవలెను. అట్లాగే ఆ మధ్యాహ్నం నేను చెప్పిన సమాధానం తప్పని ఎవరివద్దనైనా ఋజువు ఉంటే దయచేసి చూపవలెను. నా జీవితమంతా ఇతరుల తప్పులు దిద్దినవాణ్ణి. నా తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. ఈ ఒక్క తప్పు ఋజువైతే మాత్రం, చూపినవారి పాదాలకు దండం పెడతాను.